అద్దాలు మార్చుకుందామని వెళ్తే

నల్ల బ్లౌజుకు హెమ్మింగ్ చేయడం ఎంత కష్టమో కుట్టుపని తెలిసినవాళ్లకే తెలుస్తుంది. నల్ల గుడ్డ మీద నల్ల దారం. అందుకే ఆ పని ఎప్పుడూ పగటి వెలుతురులోనే పెట్టుకుంటాను. 2024లో బతుకమ్మకు ముందు, గిరాకీ బాగా ఉన్న రోజుల్లో, పొద్దున పదకొండింటికి కిటికీ పక్కన కూర్చున్నా సూది ఎక్కడ దిగుతోందో ఆనలేదు. కళ్లజోడు పెట్టుకునే ఉన్నాను. తీసి కొంగుతో తుడిచి మళ్లీ పెట్టుకున్నాను. అప్పటికీ ఆనలేదు. ఆ బ్లౌజు మా అమ్మాయి చేత హెమ్మింగ్ చేయించి ఇచ్చాను.

నాకు అప్పటికి 49 ఏళ్లు. ఖమ్మంలో ఇంట్లోనే మిషన్ పెట్టుకొని ఇరవై రెండేళ్లుగా బ్లౌజులు కుడుతున్నాను. నలభై రెండో ఏట సూదిలో దారం ఎక్కించడం కష్టమైంది. చత్వారం వచ్చిందన్నారు అందరూ. అది నిజమే. బజార్లో బండి మీద అమ్మే రెడీమేడ్ కళ్లజోడు ఒకటి కొనుక్కున్నాను. పెట్టుకోగానే అక్షరాలు పెద్దగా కనిపించాయి, అంతే చాలనుకున్నాను. తర్వాత మరో జత, ఆ తర్వాత ఇంకో జత. ఆ ఏడేళ్లలో నా కంటి లోపలికి ఒక్కరు కూడా తొంగి చూడలేదు. చూడాల్సిన అవసరం ఉందని నేనూ అనుకోలేదు.

నిజానికి ఒకసారి చెప్పినవాళ్లు ఉన్నారు. 2023 జనవరిలో, తెలంగాణ ప్రభుత్వం ఉచితంగా కళ్లు పరీక్షించే కంటి వెలుగు కార్యక్రమం రెండో విడత మా ఖమ్మంలోనే మొదలైంది. తర్వాత మా వార్డులోనూ క్యాంపు పెట్టారు. నేనూ, మా ఆయనా వెళ్లాం. మిషన్‌లో చూసి, అక్షరాలు చదివించి, దగ్గరి చూపుకు అద్దాలు ఇచ్చారు. రాసుకుంటున్న అమ్మాయి, "మీ ఇంట్లో ఎవరికైనా కంటి జబ్బు ఉందా అమ్మా?" అని అడిగింది. మా నాన్నకు చివరికి చూపు పోయిందని చెప్పాను. "నీటికాసులా?" అంది. కంటి నరాన్ని దెబ్బతీసే గ్లాకోమా జబ్బునే నీటికాసులంటారు. అవునన్నాను. "అయితే మీరు తప్పకుండా పెద్దాసుపత్రికి వెళ్లి లోపల నరం చూపించుకోండమ్మా. ఇక్కడ మేం చూసింది చూపు వరకే" అని చీటీ మీద రాసి ఇచ్చింది. సరేనన్నాను. ఆ అద్దాలు బాగా పనిచేశాయి. చీటీ మిషన్ సొరుగులో, బాబిన్ల కింద ఉండిపోయింది. దాదాపు రెండేళ్లు అక్కడే ఉంది.

మా నాన్న సంగతి చెప్పాలి. వైరా పక్కన మా ఊరు. మిరప, పత్తి వేసేవాడు. అరవై దాటాక నడుస్తూ నడుస్తూ గడపకు భుజం కొట్టుకునేవాడు. వాకిట్లో ఉన్న నులక మంచం కోడుకు మోకాలు తగిలించుకునేవాడు. గ్లాసులో నీళ్లు పోయమంటే పక్కన పోసేవాడు. "చూసుకొని నడవరాదా?" అని అమ్మ కసురుకునేది. మాకెవరికీ అనుమానం రాలేదు, ఎందుకంటే ఆయన పేపర్ చదివేవాడు. దూరంగా వస్తున్న బస్సు బోర్డు మా కంటే ముందు చదివి చెప్పేవాడు. బస్సు బోర్డు చదివే మనిషికి కళ్లు కనపడటం లేదని ఎవరనుకుంటారు? పక్కల చూపంతా పోయి, గొట్టంలోంచి చూసినట్టు నడిమధ్య కాస్త మాత్రమే మిగిలిందని తర్వాత తెలిసింది. ఆ కాస్త కూడా మసకబారడం మొదలయ్యాక, ఊళ్లో వాళ్లు శుక్లం అన్నారు. శుక్లం ముదిరాక తీయించుకుంటే సరిపోతుందన్నారు. అలా ఇంకో ఏడాదిన్నర. చివరికి తీసుకెళ్తే, "ఇది శుక్లం కాదు, నీటికాసులు. కంటి నరం ఎండిపోయింది. పోయిన చూపు తిరిగి రాదు" అన్నారు. నాన్న చివరి ఐదేళ్లు నా తమ్ముడి భుజం మీద చెయ్యి వేసుకొని నడిచాడు.

ఇంత చూసిన దాన్ని, నా కళ్ల గురించి ఎందుకు ఆలోచించలేదో ఇప్పటికీ నాకు అర్థం కాదు. ముసలితనంలో వచ్చే జబ్బు అనుకున్నానేమో. కళ్లు నొప్పి లేవు, ఎరుపు లేదు, నీరు కారడం లేదు. ఇంకేముంటుంది అనుకున్నాను.

దసరా అయ్యాక కొత్త అద్దాలకు కళ్లజోళ్ల షాపుకు వెళ్లాను. ఆ షాపతను నన్ను చాలా ఏళ్లుగా ఎరుగును. పాత జోడు చేతిలోకి తీసుకొని, "అక్కా, ఇది తీసుకొని ఏడాది కూడా కాలేదు. ఇంత తొందర తొందరగా మారకూడదు. షుగర్ ఉందా?" అన్నాడు. లేదన్నాను. "ముందు కంటి డాక్టరుకు చూపించుకొని రా. చుక్కలు వేసి చూడమను. వాళ్లు రాసిచ్చిన పవరే తీసుకురా, అప్పుడు చేసిస్తా" అన్నాడు. ఆ రోజు అతను నాకు జోడు అమ్మలేదు. ఒక బేరం వదులుకొని నన్ను పంపించాడు. ఆ మేలు నేను మర్చిపోను.

సోమవారం పొద్దున తొమ్మిదింటికి ఒక కంటి ఆసుపత్రిలో ఓపీ రాయించుకున్నాను. మా అమ్మాయి తోడొచ్చింది. చుక్కలు వేస్తే ఒంటరిగా తిరిగి రావడం కష్టమని షాపతనే చెప్పాడు. బండి మీద వెళ్లకుండా ఆటోలో వెళ్లాం. పాత కళ్లజోళ్లు రెండూ, బాబిన్ల కింద నుంచి తీసిన ఆ చీటీ వెంట తీసుకెళ్లాను.

మొదట ఒక అబ్బాయి చాలా ప్రశ్నలు అడిగాడు. బీపీ, షుగర్, తలనొప్పి, ఆస్తమా ఉన్నాయా, ఎప్పుడైనా కంటికి దెబ్బ తగిలిందా, ఏ మందులు వాడుతున్నాను. "కళ్లలో చుక్కలేమైనా వేసుకుంటారా?" అన్నాడు. అప్పుడప్పుడు కళ్లు ఎర్రబడితే మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుంటానన్నాను. పేరు గుర్తులేదు. "అలాంటి వాటిల్లో కొన్నింటిలో స్టెరాయిడ్ ఉంటుంది అమ్మా. కంటికి హాయిగానే ఉంటుంది గానీ చాలాకాలం వాడితే లోపల ఒత్తిడి పెరగొచ్చు. సీసా ఇంట్లో ఉంటే ఈసారి తీసుకురండి" అని రాసుకున్నాడు. ఈ ఒక్క ముక్క మా వీధిలో అందరికీ చెప్పాను. మా ఇళ్లల్లో కళ్లు ఎర్రబడితే ముందు వెళ్లేది మెడికల్ షాపుకే.

తర్వాత అక్షరాల గది. కంప్యూటర్ మిషన్‌లో గడ్డం ఆనించి చూస్తే దూరంగా ఒక బెలూన్ బొమ్మ మసగ్గా కనిపించి, తేటపడింది. అది పవర్ అంచనా వేసే మిషన్. అసలు పరీక్ష ఆ తర్వాతే. కళ్లకు ఇనప ఫ్రేమ్ తగిలించి, ఒక్కో అద్దం వేస్తూ, తీస్తూ, "ఇది బాగుందా, ఇది బాగుందా?" అంటూ పావుగంట కూర్చోబెట్టింది ఒక అమ్మాయి. రెండో కన్ను మూసి, ఒక్కో కంటితో విడివిడిగా చదివించింది. రెండు కళ్లతోనూ చివరి వరుస వరకూ చదివాను. "దూరపు చూపు రెండు కళ్లకూ 6/6 అమ్మా" అంది. ఆరు మీటర్ల దూరం నుంచి మామూలు కంటికి కనపడాల్సింది నాకూ కనపడుతోందన్నమాట. దగ్గరికి మాత్రం పవర్ పెరిగింది, ప్లస్ 2.25 వచ్చింది. నేను వాడుతున్నది 1.75. "అందుకే నల్ల దారం ఆనడం లేదు" అని నవ్వింది.

నా మనసు తేలికైంది. ఇంకేం, పవర్ తెలిసింది, వెళ్లిపోవచ్చు అనుకున్నాను. ఆ క్షణంలో లేచి వచ్చేసి ఉంటే నాకు ఏమీ తెలిసేది కాదు.

ఆ అమ్మాయి లైటు తగ్గించి, చిన్న టార్చితో ఒక కంట్లో వెలుగు వేసింది, వెంటనే రెండో కంట్లోకి మార్చింది. మళ్లీ ఇటు, మళ్లీ అటు. కుడి నుంచి ఎడమకు, ఎడమ నుంచి కుడికి. నాలుగైదు సార్లు చేశాక ఆగి, మళ్లీ మొదటి నుంచి చేసింది. ముఖంలో నవ్వు లేదు. ఏమీ అనకుండా చీటీ మీద ఏదో రాసి, లోపల డాక్టరమ్మ దగ్గరికి పంపింది. తర్వాత అడిగితే చెప్పారు. వెలుగు పడగానే కంటిపాప చిన్నది కావాలి. నా ఎడమ కంటి మీదికి టార్చి తిప్పినప్పుడు పాప ముడుచుకోవాల్సింది పోయి కొంచెం విచ్చుకుందట. ఆ కంటి నరం వెలుగును కుడి కన్నంత గట్టిగా మెదడుకు చెప్పడం లేదని దానర్థం. రెండు రూపాయల టార్చి పని అనిపిస్తుంది చూస్తే. కానీ 6/6 చెప్పనిది అది చెప్పింది.

డాక్టరమ్మ ముందు స్లిట్ లాంప్ అనే మిషన్‌లో చూశారు. గడ్డం దిండు మీద, నుదురు పట్టీకి ఆనించి కూర్చోవాలి. సన్నటి వెలుగు గీత కంటి మీద నుంచి పక్కకు జరుగుతూ పోతుంది. రెప్పలు, నల్లగుడ్డు, లోపలి కటకం అన్నీ పెద్దగా చేసి చూస్తారట. శుక్లం ఇంకా ఏమీ లేదన్నారు. ఆ తర్వాత మొద్దుబార్చే చుక్క వేసి, పసుపు రంగు మందు తగిలించి, నీలం వెలుగున్న చిన్న మొనను కంటికి ఆనించారు. భయమేసింది గానీ నొప్పి ఏమీ తెలియలేదు. అది కంటి ఒత్తిడి చూసే పద్ధతి. కుడి 24, ఎడమ 28. మామూలుగా 10 నుంచి 21 లోపు ఉంటుందట.

"నాకు బీపీ లేదు మేడమ్, మొన్ననే చూపించుకున్నా" అన్నాను.

"ఒంటి బీపీ వేరమ్మా, కంటి ఒత్తిడి వేరు. చేతికి పట్టీ కట్టి చూస్తే ఇది తెలియదు. మీది ఏ ఊరు?"

"వైరా దగ్గర. నాన్న రైతు."

"అయితే మీకు చెప్పడం తేలిక. చెరువులోకి నీళ్లు వస్తుంటాయి, తూములోంచి పోతుంటాయి. కంటి ముందు భాగంలోనూ అంతే, ఒక నీరు ఊరుతూనే ఉంటుంది, పోతూనే ఉంటుంది. కన్నీళ్లు కాదు, ఇది లోపలి నీరు. తూము సరిగా పారకపోతే చెరువు నిండి కట్ట మీద బరువు పడుతుంది. కంట్లో ఆ బరువు పడేది వెనకున్న నరం మీద."

ఆ తూము తెరుచుకొని ఉందా, మూసుకుపోయేలా ఇరుగ్గా ఉందా చూడాలని, జిగురు మందు రాసిన చిన్న అద్దాన్ని కంటి మీద పెట్టి తిప్పి చూశారు. దీన్ని గోనియోస్కోపీ అంటారట. ఇదొక్కటే నాకు కాస్త ఇబ్బందిగా అనిపించిన పరీక్ష, అదీ రెండు నిమిషాలే. పాప పెద్దదయ్యే చుక్కలు వేసేముందే ఇది చూడాలట. దారి మరీ ఇరుగ్గా ఉన్నవాళ్లకు పాప విచ్చుకుంటే ఆ దారి పూర్తిగా మూసుకుపోయి ఒత్తిడి ఒక్కసారిగా పెరిగే ప్రమాదం ఉందట. నాది తెరుచుకునే ఉంది. అయినా నీరు సరిగా పోవడం లేదు.

తర్వాత చుక్కలు. వేసినప్పుడు చురుక్కుమంది. పది నిమిషాలకు మళ్లీ, ఇంకో పది నిమిషాలకు మళ్లీ. బయట బెంచీ మీద మాలాంటివాళ్లు వరుసగా కళ్లు మూసుకొని కూర్చున్నారు. అందరి చెంపల మీదా దూదితో తుడుచుకున్న తడి. ఒక పెద్దాయన, "ఇంతసేపు ఎందుకమ్మా, అద్దాలు రాసిచ్చేస్తే పోయేది కదా" అని పక్కన ఉన్న కోడలితో విసుక్కుంటున్నాడు. గంట ముందు నేనూ అదే అనుకున్నాను. నేను మాత్రం 24, 28 అనే రెండు అంకెలే మనసులో తిప్పుకుంటూ కూర్చున్నాను. మా అమ్మాయి ఫోన్‌లో ఏదో చూపిస్తే అక్షరాలు అలుక్కుపోయినట్టు ఉన్నాయి. గుమ్మంలోంచి వచ్చే వెలుతురు కళ్లలో పొడిచినట్టు ఉంది.

మళ్లీ లోపలికి పిలిచి, డాక్టరమ్మ నుదుటికి ఒక లైటు కట్టుకొని, చేత్తో ఒక కటకం పట్టుకొని, "పైకి చూడండి, పైన కుడికి, కుడికి, కింద కుడికి" అంటూ గుండ్రంగా కంటి నాలుగు మూలలూ చూశారు. ఆ వెలుగు చాలా తీవ్రంగా ఉంటుంది. తీశాక కాసేపు గదంతా గులాబీ రంగులో కనిపించింది. పాప మామూలుగా ఉన్నప్పుడు తాళం కన్నంలోంచి గది చూసినట్టు, చుక్కలు వేశాక తలుపు తీసి చూసినట్టు అని ఆమె చెప్పారు. రెటీనా, అంటే కంటి వెనకున్న తెర, బాగుంది. తర్వాత మళ్లీ స్లిట్ లాంప్‌లో నరం చూశారు. ఈసారి చాలాసేపు.

కాగితం మీద రెండు గుండ్రాలు గీసి నాకు చూపించారు. నరం కంట్లోకి వచ్చే చోటు ఒక గుండ్రం. దాని నడుమ చిన్న గుంట అందరికీ ఉంటుంది. చుట్టూ ఉన్న అంచులోనే పోగులుంటాయి. "పది, పన్నెండు లక్షల సన్నటి పోగులు కలిసి ఒక నరం. మీరు కుట్టుపని చేస్తారు కదా, పోగులు తెగుతూ పోతే గుడ్డ ఏమవుతుంది? మధ్యలో గుంట పెద్దదవుతూ అంచు సన్నబడుతుంది." కుడి కంటిలో ఆ గుంట గుండ్రంలో 0.6 వంతు ఉంది. ఎడమ కంటిలో 0.8.

"నీటికాసులా మేడమ్?" అన్నాను. నోరెండిపోయింది.

"అలాగే ఉంది. చుట్టుపక్కల చూపు చూసే ఫీల్డ్ టెస్ట్, నరం పోగుల మందం కొలిచే ఓసీటీ స్కాన్ చేసి నిర్ధారణ చేసుకుందాం. మీ నాన్నగారికి ఉందన్నారు కదా. తల్లిదండ్రులకో, తోబుట్టువులకో ఉంటే మిగతావాళ్లకు వచ్చే అవకాశం మామూలు కంటే చాలా ఎక్కువ. కానీ మీరు నాన్నగారు వచ్చిన దశలో రాలేదు. బాగా ముందే వచ్చారు."

ఆటోలో ఇంటికి వస్తుంటే ఎండ తట్టుకోలేక కొంగు ముఖం మీద కప్పుకున్నాను. కొంగు కింద ఏడ్చాను. మా అమ్మాయి చెయ్యి పట్టుకొని కూర్చుంది, ఏమీ అనలేదు. సాయంత్రం ఆరు దాటాక చూపు కుదుటపడింది. ఆ రోజు మిషన్ ఎక్కలేదు.

గురువారం మళ్లీ వెళ్లాం. ఫీల్డ్ టెస్ట్‌కు చుక్కలు వేయరు. ఒక కన్ను మూసి, తెల్లటి డొప్ప లాంటి మిషన్‌లోకి తల పెట్టి, నడిమధ్య దీపాన్నే చూస్తూ ఉండాలి. చుట్టుపక్కల ఎక్కడో ఒకచోట చుక్క మెరుస్తుంది. కనిపించినప్పుడల్లా చేతిలో ఉన్న మీట నొక్కాలి. వినడానికి ఆటలా ఉంటుంది. కూర్చున్నాక చాలా టెన్షన్ వచ్చింది. ఎంతసేపటికీ ఏమీ కనపడదు. చూపు పోయిందేమో అనిపిస్తుంది. కనపడని దానికి కూడా నొక్కేయాలనిపిస్తుంది. మిషన్ దగ్గరున్న అబ్బాయి నా గాభరా గమనించి ఆపాడు. "అమ్మా, మీకు కనపడీ కనపడనంత మసగ్గా చుక్కలు ఇవ్వడమే ఈ టెస్ట్ పద్ధతి. కళ్లు బాగున్నవాళ్లకు కూడా చాలా చుక్కలు కనపడవు. ఊహించి నొక్కకండి, కనిపిస్తేనే నొక్కండి, రెప్ప వేయడం మానకండి" అన్నాడు. ఈ మాట ముందే చెబితే ఎంత బాగుండేది! ఫీల్డ్ టెస్ట్‌కు వెళ్లేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఒక్కో కంటికి ఆరేడు నిమిషాలు పట్టింది.

కార్నియా, అంటే కంటి ముందుండే పారదర్శకమైన పొర, మందం కూడా కొలిచారు. ఎక్కువమందికి 540 మైక్రాన్ల చుట్టుపక్కల ఉంటుందట, నాకు 508, 512. పొర పలచగా ఉన్నవాళ్లలో ఒత్తిడి ఉన్నదానికంటే తక్కువగా చూపిస్తుందని, నా 28ని 28 అనుకోకూడదని చెప్పారు. ఓసీటీ స్కాన్‌లో కుడి కంటి పోగులు చాలావరకు ఆకుపచ్చ రంగులో, అంటే బాగున్నట్టు, ఎడమ కంటికి కింది భాగం ఎర్రరంగులో, అంటే పలచబడ్డట్టు వచ్చింది. ఫీల్డ్ కాగితంలో ఎడమ కంటికి పైభాగాన, ముక్కు వైపు, విల్లులా వంగిన నల్లటి మచ్చ. నరంలో కింది పోగులు తెగితే పైచూపు పోతుందట. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూపిస్తే నాకే అర్థమైంది.

ఇంటికొచ్చాక కుడి కన్ను చేత్తో మూసుకొని, గోడ మీది క్యాలెండర్ ముందు నిలబడ్డాను. ఆ నల్ల మచ్చ ఎక్కడుందో చూద్దామని. ఎక్కడా లేదు. క్యాలెండర్ మొత్తం కనిపిస్తోంది. నాకు నమ్మబుద్ధి కాలేదు, రిపోర్టు తప్పేమో అనుకున్నాను. అప్పుడు అమ్మాయిని పక్కన నిలబెట్టి, నడిమధ్య తేదీ ఒక్కటే చూస్తూ, ముక్కు పైవైపు నుంచి ఎర్ర దారపు రీలు మెల్లగా కిందికి తెమ్మన్నాను. తెచ్చింది. "ఇంకా తేలేదా?" అన్నాను. "అమ్మా, ఎప్పటి నుంచో నీ ముందే ఉంది" అంది. ఆ మాట తర్వాత ఒక్క క్షణానికి రీలు శూన్యంలోంచి ఊడిపడ్డట్టు కనిపించింది. పోయిన చోట నల్లగా ఉండదు. మసగ్గా కూడా ఉండదు. అక్కడ ఏమీ లేదన్న సంగతే మనకు తెలియదు. చుట్టూ ఉన్నదాంతో మనసు ఆ చోటు పూడ్చేస్తుంది, రెండు కళ్లూ తెరిస్తే ఒకదాని లోటు రెండోది కప్పేస్తుంది. గడపకు భుజం కొట్టుకున్న నాన్నను అమ్మ కసిరినప్పుడు, ఆయన "కనపడలేదే" అనేవాడు కాదు. "అక్కడ గడప ఉందనుకోలేదు" అనేవాడు. ఆ మాటకు అర్థం నాకు ఆ రోజు, ఆ రీలుతో తెలిసింది.

అదే రాత్రి నుంచి కంటి ఒత్తిడి తగ్గించే చుక్కల మందు. రాత్రి పడుకోబోయే ముందు ఒక్కో కంట్లో ఒక్కటే చుక్క. కింది రెప్ప లాగి, వేశాక కన్ను మూసి, ముక్కు పక్కన మూల రెండు నిమిషాలు వేలితో నొక్కి ఉంచాలి, మందు గొంతులోకి జారకుండా. మొదటి వారం కళ్లు ఎర్రగా అయ్యాయి, తర్వాత సర్దుకున్నాయి. కనురెప్పల వెంట్రుకలు కాస్త పొడుగవుతాయని ముందే చెప్పారు, నిజంగానే అయ్యాయి. నెల తర్వాత ఒత్తిడి కుడి 17, ఎడమ 19. ఎడమ కంటికి ఇంకా తగ్గాలని రెండో మందు కలిపారు, ఇప్పుడది 15 దగ్గర ఉంటోంది. ఈ మందు బీపీ మందు లాంటిది, జీవితాంతం వేసుకోవాలి. పోయింది తిరిగి రాదు, ఉన్నది కాపాడుకోవడమే. ఆరు నెలల తర్వాత, మళ్లీ ఏడాదికి చేసిన ఫీల్డ్ టెస్టుల్లో ఆ మచ్చ పెరగలేదు.

ఖర్చు గురించి చాలామంది అడిగారు. ఓపీ, ఫీల్డ్, ఓసీటీ అన్నీ కలిపి నాకు నాలుగు వేల లోపే అయింది. లైనింగ్ బ్లౌజులు పది కుట్టిన కూలి. కంట్లో ఏ జబ్బూ లేనివాళ్లకు మొదటి రోజు పరీక్షతోనే సరిపోతుంది, ఈ స్కాన్లు అనుమానం ఉన్నవాళ్లకే.

మా అమ్మాయి ఆ రోజుల్లో ఇంటర్నెట్‌లో చదివి ఒక సంగతి చెప్పింది. 1996-2000 మధ్య హైదరాబాద్‌లోని ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో హైదరాబాద్, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో పదివేల మందికి పైగా కళ్లు పరీక్షించింది. నీటికాసులు ఉన్నట్టు తేలినవాళ్లలో చాలా ఎక్కువమందికి ఆ జబ్బు ఉందని అప్పటిదాకా తెలియనే తెలియదట. నేను, నాన్న ఆ లెక్కలో లేకపోవచ్చు. అయినా మా ఇద్దరి గురించే రాసినట్టు అనిపించింది.

మిగిలింది తమ్ముడు. డాక్టరమ్మ మొదటి రోజే చెప్పారు, తోబుట్టువులను తీసుకురమ్మని. వాడికి 45. నాన్న పొలం వాడే చేస్తున్నాడు. ఫోన్ చేస్తే, "నాకు కళ్లు బాగానే ఉన్నాయక్కా, రాత్రిపూట ట్రాక్టర్ నడుపుతున్నా" అన్నాడు. "నాన్న కూడా బస్సు బోర్డు చదివేవాడు కదరా" అన్నాను. అటునుంచి కాసేపు మాట రాలేదు. అయినా మిరప ఏరివేత అయిపోయాకే వస్తానన్నాడు. నేను ఊరుకోలేదు. ఏప్రిల్‌లో నా చెకప్ రోజే వాడికీ ఓపీ రాయించి, బస్టాండుకు వెళ్లి నేనే దింపుకొచ్చాను.

వాడికీ 6/6. టార్చి పరీక్ష బాగుంది. ఒత్తిడి 16, 16. నరం బాగుంది, గుంట 0.3. నేను దేవుడికి దండం పెట్టుకున్నాను. కానీ చుక్కలు వేసి రెటీనా చూస్తున్న డాక్టరమ్మ, "మీకు షుగర్ ఎన్నాళ్ల నుంచి?" అన్నారు.

"నాకు షుగర్ లేదు మేడమ్."

"ఎప్పుడైనా చూపించుకున్నారా?"

చూపించుకోలేదు. రెటీనా మీద అక్కడక్కడ ఎర్రటి చిన్న చుక్కలు, రక్తనాళాలు ఉబ్బి కారిన గుర్తులు ఉన్నాయట. మన ఒంట్లో రక్తనాళాలను కోయకుండా, నేరుగా కంటితో చూడగలిగే చోటు కన్నేనని, షుగర్ చేసే నష్టం చాలామందిలో ముందుగా అక్కడే దొరుకుతుందని ఆమె వివరించారు. ఎదురుగా ల్యాబ్‌లో రక్తం ఇచ్చాం. తిన్న తర్వాత 286 వచ్చింది. కంటికి ఇప్పుడు మందేమీ అక్కర్లేదు, షుగర్ అదుపులో పెట్టుకుంటే చాలు, ఏడాదికోసారి మాత్రం తప్పకుండా చుక్కలు వేసి చూపించుకోవాలి అన్నారు. షుగర్ ఉన్నవాళ్లెవరైనా చూపు బాగున్నా సరే ఏడాదికోసారి రావాలట. ఇంట్లో నీటికాసులు ఉన్నవాళ్లూ అంతే. మిగతావాళ్లు నలభై దాటాక ఒకటి, రెండేళ్లకోసారి.

ఆ మధ్యాహ్నం వాడు విచ్చుకున్న కంటిపాపలతో మా వరండాలో కూర్చొని, షుగర్ రిపోర్టు చేతిలో పట్టుకొని, చదవలేక నాకిచ్చాడు. నాకు నా కొత్త జోడుతో స్పష్టంగా ఆనింది. చదివి వినిపించాను. "ఆకలి, దాహం అన్నీ ఎండకు అనుకున్నా అక్కా" అన్నాడు.

ఇప్పుడు మాత్రలు వేసుకుంటున్నాడు, సన్నబియ్యం తగ్గించి జొన్నరొట్టె తింటున్నాడు, మూడు నెలల షుగర్ టెస్ట్ బాగా దిగింది. రాత్రి ఎనిమిదిన్నరకు నాకు ఫోన్ చేసి, "చుక్కలు వేసుకున్నావా?" అని అడుగుతాడు. నేను, "మాత్ర వేసుకున్నావా?" అంటాను. మా ఇద్దరి తర్వాతి పరీక్ష ఒకే రోజు రాయించాను. ఈసారి మరదలు కూడా వస్తానంది. బియ్యంలో రాళ్లు ఆనడం లేదట, బజార్లో బండి మీద కళ్లజోడు కొనుక్కుందామనుకుంటే తమ్ముడు వద్దన్నాడట.